చుట్ట గుర్తుకు అటూ ఇటూ

బుక్కరాయసముద్రంలో మా వీధి మొదట్లో నందిని నడిపిన నెట్ సెంటరుకు ఒక్కటే ఈమెయిల్ అడ్రసు ఉండేది. ఊళ్ళో ఈమెయిల్ అవసరం పడిన వాళ్ళందరికీ అదే అడ్రసు. మొదటి వరుసలో 'తిమ్మమ్మకు' అనో 'మిల్లు ఆదెన్నకు' అనో ఉంటే, నందిని ఆ పేరు వరకే చూసి ప్రింటు తీసేది. రాత లోపలికి వచ్చేటట్టు మడిచి, పిన్ను కొట్టి పక్కన పెట్టేది. పోయే ఉత్తరాలు కూడా ఆమె చేతి మీదుగానే పోయేవి. వాళ్ళు బెంచీ మీద కూర్చుని చెబుతుంటే, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేది. ఫోను బిల్లు పెరగకుండా ముందు టైపు చేసి కంప్యూటరులో దాచుకుని, సాయంత్రం లైను కలిశాక అన్నీ ఒకేసారి పంపేది. వచ్చినవి కూడా అప్పుడే దించుకుని లైను తీసేసేది. అందుకని అప్పటివరకూ వచ్చినవీ పోయినవీ అన్నీ అందులో ఫైళ్ళుగా ఉండిపోయాయి.

ఏ అడ్రసుకు పంపాలని అడిగితే అందరూ చెప్పే జవాబు ఒకటే. పోయినసారి దేని నుంచి వచ్చిందో దానికే. నందిని పాత ఉత్తరం పైనుంచి అడ్రసు తీసి కొత్తదానికి అతికించేది. అడ్రసులన్నీ వేరుగా ఒకచోట పెట్టుకోవాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

రెండువేల మూడులో, వేసవి సెలవులు ముగిశాక, ఆ అడ్రసు ఉచితంగా ఇచ్చిన కంపెనీ తన దుకాణం మూసేస్తున్నట్టు కబురు పెట్టింది. నెలాఖరు తర్వాత ఆ పెట్టెలో పడిన ఉత్తరం ఎవరికీ అందదు. ఇంకో కంపెనీలో కొత్త అడ్రసు తీసుకోవడం నిమిషం పని. కానీ అవతలి ఊళ్ళలో, అవతలి దేశాల్లో ఉన్నవాళ్ళకు ఈ సంగతి తెలపడం ఎట్లా?

నందిని నా దగ్గరికి రావడానికి కారణం ఉంది. నేను లెక్కల్లో డిగ్రీ చేసి, పెళ్ళికి ముందు అనంతపురంలో కంప్యూటరు కోర్సు చదివాను. మా ఆయన కరెంటు ఆఫీసుకు, పిల్లలు బడికి పోయాక మధ్యాహ్నాలు నావే. ఆమె అడిగింది ఒక్కటే. ఆ ఫైళ్ళలోనుంచి అడ్రసులు మాత్రం తీయాలి, ఉత్తరాలు చదవకూడదు.

ఆ షరతు ఊరికే పెట్టింది కాదు. నందిని కంటే ముందు బస్టాండు దగ్గర ఒకతను ఇదే పని చేసేవాడు. ఆదెన్న వేరుశనక్కాయలు ఏ ధరకు ఇస్తానని కదిరి మిల్లుకు రాయించాడో అది సాయంత్రానికి టీ అంగడిలో అందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాతే జనం నందిని దగ్గరికి మారారు. టైపు చేసింది చెవిలో పెట్టుకోను, దాచింది మళ్ళీ తెరవను అని ఆమె ఒక్కొక్కరికీ మాట ఇచ్చింది. ఫైళ్ళకు మనుషుల పేర్లు కూడా పెట్టలేదు. ఆదెన్నవి 'మిల్లు', తిమ్మమ్మవి 'మేక', మా ఎదురింటివాళ్ళవి 'జామచెట్టు'. టైపు చేసిన ఆమే ఆ మాట మీద నిలబడితే, నేను తెరిచి చదవడం ఏం మర్యాద?

తిమ్మమ్మ గురించి చెప్పాలి. తాడిపత్రి రోడ్డులో పల్లె ఆమెది. మేకలు మేపుతుంది. కూతురు భారతి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉంది. వాళ్ళ పల్లెలో ఫోను లేదు. ప్రతి ఆదివారం తిమ్మమ్మ బస్సెక్కి సెంటరుకు వచ్చి, ఉత్తరం ఉంటే మడిచినది మడిచినట్టే రొంటిన దోపుకుని పోయేది. అనంతపురం హాస్టల్లో ఇంటర్ చదివే చిన్నకూతురు దగ్గర చదివించుకునేది. పెట్టె మూతపడుతుందని నందిని చెప్పినప్పుడు నేనక్కడే ఉన్నాను. తిమ్మమ్మ చాలాసేపు బెంచీ మీదనుంచి లేవలేదు.

"నా కూతురు రాసింది యాడికో పోయి పడితే, అది నేను సచ్చిపోయినాననుకుంటాది," అంది చివరికి. "మీరేం జేస్తారో నాకు తెల్దు. దానికి తెలపల్ల."

తెలుపుతామని నందిని మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టే పని నామీద పడింది.

ఈమెయిల్ అడ్రసులో ఒక వింత ఉంది. దాని నడుమ @ ఉంటుంది. మా సెంటరులో దాన్ని చుట్ట గుర్తు అనేవాళ్ళు. ఉత్తరంలో వేరే ఏ మాటకూ ఆ గుర్తు ఉండదు. కాబట్టి మాటల అర్థం తెలియకపోయినా ఆ గుర్తు పట్టుకుంటే అడ్రసు దొరుకుతుంది. చదవకుండా తీయడం కుదురుతుందని అప్పుడే అనిపించింది, అనిపించగానే ఆ పని మీద గట్టి ఆశ పుట్టింది.

మొదట సులువైన దారి పట్టాను. ఫలానా గుర్తు ఉన్న వరుసలు చూపించు అంటే చూపించే ఆజ్ఞ ఒకటి కంప్యూటరులోనే ఉంది. కొట్టాను. తెర మీద వరుసలు జలజలా పారాయి. అప్పుడుగానీ నా పొరపాటు తెలియలేదు. అది అడ్రసు ఒక్కటే ఇవ్వదు, అడ్రసున్న వరుస మొత్తం ఇస్తుంది. ఆ వరుసలో ఎవరి ఆరోగ్యమో, ఎవరి అలకో ముక్కలు ముక్కలుగా వచ్చేస్తోంది. చెయ్యి చాచి తెర ఆర్పేశాను. ఆర్పేలోపల ఒక వరుస కంటపడనే పడింది. ఒక అడ్రసు, దాని పక్కన ఈ మాటలు: 'ఇది వాళ్ళ ఇంటిది, దీనికి ఇంగ రాయొద్దు.'

అది ఎవరి ఉత్తరమో, ఆ అడ్రసు ఏదో చూడలేదు. చూడలేదని సంతోషించాను. ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు.

కోర్సులో నేర్చుకున్న బేసిక్ అనే కంప్యూటరు భాష అప్పటికి సగం మరిచిపోయాను. పాత పుస్తకం అటక మీదనుంచి దించి, చిన్న ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాను. దానికి నేను చెప్పింది ఇంతే. ఒక్కో అక్షరం చూస్తూ పో. చుట్ట గుర్తు వచ్చిన చోట ఆగు. అక్కడినుంచి ఖాళీ వచ్చేదాకా ఎడమవైపు నడువు, మళ్ళీ ఖాళీ వచ్చేదాకా కుడివైపు నడువు. ఆ రెండు ఖాళీల నడుమ ఉన్నది నాకివ్వు, మిగిలింది నువ్వూ మరిచిపో. చీకటింట్లో ఒక వస్తువు కోసం తడుముతూ, అది తప్ప మరేదీ ముట్టకుండా బయటికి వచ్చే మనిషిలాగా ఉంటుంది ఆ పని.

మొదటిసారి నడిపినప్పుడు అడ్రసుల నడుమ కొన్ని అంకెలు కూడా వచ్చాయి. ఏమిటా అని చూస్తే ఆదెన్న వేరుశనక్కాయల ధరలు. ఫలానా ధర చొప్పున అనడానికి వ్యాపారులు కూడా చుట్ట గుర్తే వాడతారని నాకు తెలియదు. మా ఊళ్ళో ఎవరికీ తెలియకూడని సంగతి నాకు తెలిసిపోయింది. నందిని నవ్వి, టీ అంగడి వైపు పోవద్దక్కా అంది. కుడివైపు చుక్క లేకపోతే అది అడ్రసు కాదు అని ఇంకో మాట చేర్చాను. ధరలు పోయాయి. అడ్రసుల చివర అంటుకున్న కామాలు, బ్రాకెట్లు గీరేశాను. ఒకే అడ్రసు పదేపదే వస్తే ఒకసారే ఉంచమన్నాను. మూడో మధ్యాహ్నానికి తెర మీద అడ్రసులు మాత్రమే నిలిచాయి. బియ్యం ఏరి చాటలో పోసుకున్నంత శుభ్రంగా ఉన్నాయి. ఈసారి ఎవరి గుట్టూ నా కంటబడలేదు.

కొత్త అడ్రసు చెబుతూ నాలుగు వరుసల కబురు తయారుచేసింది నందిని. ఎవరి అడ్రసు ఇంకొకరికి కనబడకుండా దేనికదే వేరుగా పంపాలనుకున్నాం. సాయంత్రం లైను కలపగానే పంపేద్దామంది. నేను సరేననలేకపోయాను.

తెర మీద ఉన్న అడ్రసుల్లో ఒకటి రాయొద్దని ఎవరో మొరపెట్టుకున్నది. అది ఏదో నేను చెప్పలేను. నా ప్రోగ్రాము ఎడమకూ కుడికీ ఖాళీ దాకా నడిచి, అడ్రసు తీసుకుని, ఆ పక్కనే ఉన్న 'రాయొద్దు' అనే మాటను అక్కడే వదిలేసి వచ్చింది. వదిలేసి రమ్మని చెప్పింది నేనే. మొదటి పద్ధతిలో అందరి గుట్టూ బయటపడింది, కానీ ఆ మాట కూడా బయటపడింది. రెండో పద్ధతిలో ఏ గుట్టూ పడలేదు, ఆ మాటా లేదు.

ఈ సంగతి చెబితే నందిని విసుక్కుంది. "అక్కా, మనం పంపేది కొత్త అడ్రసే గదా. ఎవరికన్నా చెరుపా?" అంది. "నువ్వు ప్రతిదానికీ ఇట్లే. పప్పులో రాయి దొరికినా దొరక్కున్నా ఏరుతానే ఉంటావు."

"దొరికింది కాబట్టే ఏరుతున్నాను," అన్నాను.

"అట్లయితే తెరిచి చూడు. ఒక్క నిమిషం పని. ఆ ఒక్కటే చూడు."

నాకు చూడాలనే ఉంది. దీనికి ఇంగ రాయొద్దు అన్నది ఎవరు, ఎవరితో, ఎందుకు? మూడు రోజులుగా ఆ ఆలోచన నా వంటలోకి కూడా వస్తోంది. కానీ ఆ ఒక్కటి ఏదో తెలియాలంటే 'రాయొద్దు' అన్న మాట ఉన్న ఉత్తరాలన్నీ తెరవాలి. అప్పు గురించి రాయొద్దు, అత్తకు రాయొద్దు, ఏమైనా ఉండొచ్చు వాటిలో. కుదరదన్నాను.

ఆ రాత్రి కాదు, మరునాడు పొద్దున ఇడ్లీలు వేస్తుంటే తోచింది. రాయొద్దు అన్న మాట ఫైల్లో ఉన్నట్టే ఆ ఇంటివాళ్ళ మనసులో కూడా ఉంటుంది. వాళ్ళను అడిగితే సరిపోతుంది. ఈ దారి ముందే ఎందుకు తట్టలేదంటే, మేమిద్దరం కంప్యూటరు వైపు తిరిగి కూర్చున్నాం, బెంచీ వైపు కాదు.

ప్రోగ్రాములో ఒక వరుస చేర్చాను. ఏ అడ్రసు ఏ ఇంటి ఫైళ్ళలోనుంచి వచ్చిందో ఆ ఇంటి గుర్తు పక్కన వేయమన్నాను. ఆదివారం సంతకు వచ్చే వాళ్ళ చేత, బస్సు కండక్టర్ల చేత నందిని కబుర్లు పంపింది. సెంటరు వెనక చిన్న గదిలో తలుపు వేసి, ఒక్కో ఇంటివాళ్ళకు వాళ్ళ అడ్రసులు మాత్రమే చదివి వినిపించి, దీనికి పంపాలా వద్దా అని అడగడం నా పని.

ఇంత వేడుకగా ఉంటుందని నేననుకోలేదు. ఆదెన్న తనకున్న అన్ని అడ్రసులూ విని, ఇంతమంది నాకు ఉత్తరాలు రాస్తారా అని మురిసిపోయాడు. ఒక వ్యాపారి పేరు దగ్గర మాత్రం, వానికి పంపొద్దు, నేనే ఎతుక్కుని పోయినట్లుంటాది, వాడే ఎతుక్కోనీ అన్నాడు. జామచెట్టు వాళ్ళలో అత్తాకోడళ్ళు ఇద్దరూ వచ్చి, ఎవరి అడ్రసులు వాళ్ళకే వేరుగా చదవమన్నారు. బళ్ళారికి పనికి వలసపోయిన ఒక ఇల్లు మాత్రం తాళం వేసి ఉంది. వాళ్ళ అడ్రసులు పక్కన పెట్టేశాం. అడగకుండా పంపడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ ఉత్తరాలు ఏమయ్యాయో ఇప్పటికీ నాకు తెలియదు.

తిమ్మమ్మ మిట్టమధ్యాహ్నం వచ్చింది. తలుపు వేసేదాకా నోరు విప్పలేదు.

"ఏమమ్మా వనజాక్షమ్మా, కోర్టులో పిలిచినట్ల పిలిపిస్తివే," అంది కూర్చుంటూ.

ఆమె ఉత్తరాల్లో రెండు అడ్రసులు ఉన్నాయని చెప్పాను. రెండూ చదువుతాను, కొత్త అడ్రసు కబురు దేనికి పంపాలో చెప్పమన్నాను.

"రెండా? ఒగటే గదా. పోయినసారి వచ్చిన దానికే."

"ఫైళ్ళలో రెండున్నాయి. ఒకదాంట్లో ఫహద్ అని పేరుంది. ఇంకోదాంట్లో మేరీ అని ఉంది."

తిమ్మమ్మ మొహంలో ఉన్న ఆ కాస్త నవ్వు పోయింది. తలుపు వైపు చూసింది. అవతల నందిని ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఫహదంటే ఆ యింటి పిల్లోడు," అంది మెల్లగా. "ముందర నా కూతురు వాళ్ళ మిషను మీదనే రాస్తాండె. దాన్ని చూసి పరిగెత్తుకొని వచ్చి ఒళ్ళో కూసుంటాండె అంట ఆ పిల్లోడు. వాడు మంచోడే. వాళ్ళమ్మా నాయనా మంచోళ్ళు గాదు. ఉగాదికి ముందర నా కూతురు ఆ యిల్లు ఇడ్సిపెట్టి వచ్చేసింది. పాస్‌పోర్టు ఇంగా వాళ్ళ చేతిలోనే ఉండాది. దాన్ని యెతుకుతాండారు. మేరీ దాని జతగత్తె, ఇప్పుడు ఆ పిల్ల దాన్నుంచే రాస్తాది."

"నందినికి తెలుసా?"

"యెవరికీ తెల్దు. మా పెద్దోడిక్కూడా తెల్దు. సిన్నదానికి తెలుసు, అది సదివింది గాబట్టి. నీకు చెప్తాండా, నువ్వడిగినావు గాబట్టి."

మేం తయారుచేసిన కబురు నా ఒళ్ళోనే ఉంది. కొత్త అడ్రసు, సెంటరు పేరు, తిమ్మమ్మకు వచ్చే ఉత్తరాలు ఇకనుంచి ఇక్కడికి పంపాలన్న మాట. అది ఆ ఇంటికి పోయి ఉంటే ఏమయ్యేదని అడిగాను. తెలిసి అడిగానో, ఇంకా చెబుతుందని అడిగానో చెప్పలేను.

"ఏమయితాది? నా కూతురు ఇంగా ఈడికి రాస్తాందని తెలిసిపోతాది వాళ్ళకు. అప్పుడు నీకు రాస్తారు. మర్యాదగా రాస్తారు. భారతి యాడుండాది, దాని సామాన్లు మా దగ్గరే ఉండాయి, ఇయ్యల్ల అని. నువ్వు మంచిదానివి. తెలిసింది చెప్తావు."

 ఆమె చెప్పింది నిజం. మర్యాదగా రాసిన ఉత్తరానికి మర్యాదగా జవాబిచ్చే మనిషినే నేను.

నా చేతిలోని కాగితం మీద ఫహద్ పేరున్న అడ్రసును ఆమె చూస్తుండగానే కొట్టేశాను. ఆమె గీత వైపు చూసింది, నా వైపు చూసింది.

"కాయితంలో కొట్టేస్తివి. ఆ మిషనులో?"

"ఉత్తరాల్లో ఉంది."

"రేపు ఇంగొకరొచ్చి నీ మాదిరే తీస్తే మళ్ళీ వస్తాది గదా. తీసెయ్యి. నా కూతురి జాబులు మాత్రం పోగూడదు. అవి ఉండనీ."

ఆమె పోయాక కూడా నేను గదిలోనే కూర్చున్నాను. అప్పటిదాకా నేను చేసింది ఉత్తరాలు వదిలి అడ్రసులు తీసుకోవడం. ఆమె అడిగింది దానికి తిరగబడిన పని. అడ్రసు తీసేసి ఉత్తరం వదలాలి. కుదురుతుందా అని చూడాలనిపించింది. కుదిరింది. నడక అదే. చుట్ట గుర్తు దగ్గర ఆగు, ఎడమకు పో, కుడికి పో, కానీ ఈసారి దొరికింది ఫహద్ అయితే తీసుకురావద్దు, దాని చోట ఎన్ని అక్షరాలో అన్ని చుక్కలు పెట్టి వచ్చేయ్. ఉత్తరంలో మిగిలిన అక్షరం ఒక్కటీ కదలకూడదు. తెరిచి చూడకుండా సరిగా జరిగిందని ఎలా తెలుస్తుంది? ఆ పేరు ఎన్ని చోట్ల ఉందో లెక్క మాత్రమే చెప్పమని కంప్యూటరును అడిగాను. ఎక్కడా లేదంది. ఉత్తరాల పొడవు ముందూ వెనకా ఒకటేనా అని అడిగాను. ఒకటేనంది.

నందినితో ఒక అడ్రసు వద్దన్నారని మాత్రం చెప్పాను. ఆమె ఎవరని అడగలేదు. తలుపు గడియ సరిచేస్తున్నట్టు అటు తిరిగి, నేను ఆ సాయంత్రమే పంపేసి ఉందును గదక్కా అంది.

మిగిలిన అడ్రసులకు కబురు పంపాం. మేరీకి పంపినదాంట్లో తిమ్మమ్మ పేరు కూడా పెట్టలేదు. ఇకనుంచి ఈ కొత్త అడ్రసుకు రాయండి అని ఒక్క వరుస. నెలాఖరు దాటింది. పాత పెట్టె మూసుకుపోయింది. బెంగుళూరు నుంచి, కదిరి మిల్లు నుంచి ఉత్తరాలు కొత్త అడ్రసుకు రావడం మొదలైంది. కువైట్ నుంచి రాలేదు.

తిమ్మమ్మ ఆదివారం వచ్చింది. పై ఆదివారం కూడా వచ్చింది. ఏమీ అడగకుండా బెంచీ మీద కూర్చుని, చివరి బస్సు హారను వినబడగానే లేచిపోయేది. నేను మేరీ అడ్రసు అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. తప్పు లేదు. మేరీ ఊరు మారిందేమో, ఒక్క వరుస చూసి చెత్త అనుకుని పారేసిందేమో. తిమ్మమ్మ పేరు పెట్టకుండా పంపి మరీ జాగ్రత్తపడ్డామేమోనని నందిని మెల్లగా అంది. నాకూ ఆ అనుమానం ఉంది. తిమ్మమ్మను అడిగాను, పేరు పెట్టి మళ్ళీ పంపమంటావా అని.

"వద్దు," అంది. "నా కూతురు తెలివైంది. నన్ను అడక్కుండా ఏదీ నమ్మదు. ఎవరు పంపినారో కనుక్కుంటాంటాది."

ఆమె అన్నట్టే అయింది. తర్వాతి వారం చిన్నకూతురు హాస్టల్ నుంచి సెంటరుకు వచ్చి అడిగి పోయింది. కువైట్ నుంచి కాలేజీ ఆఫీసుకు ఎవరో ఫోను చేసి, ఆ కబురు నిజమా కాదా కనుక్కోమన్నారట. మరుసటి శుక్రవారం ఉత్తరం వచ్చింది. మొదటి వరుసలో తిమ్మమ్మకు అని ఉంది. ప్రింటు తీసి, మడిచి, పెట్టాను. తిమ్మమ్మ దాన్ని తీసుకుని, ఎంత పొడుగు రాసిందో చేత్తో పట్టి చూసి, చదివించుకోవడానికి హాస్టలుకు పోయింది.

జవాబు రాయించడానికి వచ్చిన రోజు నందిని పెళ్ళికని కదిరికి పోయింది. ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. తిమ్మమ్మ తెర వైపు చూడకుండా, గోడ వైపు చూస్తూ చెప్పసాగింది. మేకలు ఈనినాయి. వాన లేదు. పెద్దోడు పనికి పోతాండాడు. తర్వాత గొంతు తగ్గించింది.

"రాయమ్మా. ఆ రెండోదే తీసుకో. మొదటిది చూసేకి బాగుంటాది గానీ వద్దు. రెండోదే. మేరీకి చెప్పు, గానీ అంతా చెప్పొద్దు."

టైపు చేశాను. రెండోది ఏమిటి? ఇల్లా, పనా, మనిషా? నా వేళ్ళు ఆగలేదు, నోరూ విప్పలేదు. కానీ తిమ్మమ్మ గోడ వైపు నుంచి నా మొహం వైపు తిరిగింది.

"అడగల్లని ఉండాది గదా నీకు?"

"ఉంది," అన్నాను.

"ఉండనీ," అంది. "ఇప్పుడు అడ్రసు సదువు, పంపకముందర."

చదివాను. ఆమె ప్రతి అక్షరానికీ తల ఊపుతూ చివరిదాకా వింది. పంపమంది. లైను కలిపాను.